వేరే దేశంలో సెక్యూరిటీ ఏజెన్సీని ఎంచుకోవాలంటే: ధర కంటే ముందు చూడాల్సినవి

నాలుగైదు దేశాల్లో ఆఫీసులు, గోదాములు ఉన్న సంస్థలు సెక్యూరిటీ కొటేషన్లు తెప్పించుకోగానే వాటన్నిటినీ ఒకే ఎక్సెల్ షీట్‌లో వేసి, గార్డుకు గంటకు ఎంత పడుతుందో పక్కపక్కన పెట్టి చూస్తాయి. పద్ధతిగానే కనిపిస్తుంది. కానీ ప్రతి గడిలోనూ ‘గార్డు’ అనే రాసి ఉన్నా, ఆ మనుషులు ఒకే పని చేసేవాళ్లు కాదు. లండన్‌లో ఆ గార్డు ప్రభుత్వ సంస్థ దగ్గర సొంతంగా లైసెన్స్ తీసుకున్నవాడు, చేతిలో ఆయుధం ఉండదు. జొహన్నెస్‌బర్గ్‌లో అలారం మోగితే తుపాకీతో కారులో దిగేది ప్రైవేటు కంపెనీ మనిషే. టోక్యోలో గార్డుకు ప్రత్యేక అధికారాలేవీ లేవని చట్టంలోనే రాసి ఉంది. చైనాలో నగదు వ్యాను పక్కన నిలబడ్డ సాయుధ గార్డు ప్రభుత్వ వాటా కనీసం 51 శాతం ఉన్న కంపెనీ ఉద్యోగి.

ఈ తేడాలు ఊరికే రాలేదు. ఒక్కో దేశంలో ఈ వ్యాపారం ఒక్కో భయంలోంచి పుట్టి, ఒక్కో ప్రభుత్వ శాఖ చేతికింద పెరిగింది. ఆ పుట్టుక ఏమిటో తెలిస్తే అక్కడి ఏజెన్సీ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చాలావరకు ముందే చెప్పేయవచ్చు. కాబట్టి ధర దగ్గరకు వెళ్లేముందు మూడు సంగతులు కనుక్కోవాలని నా సలహా: లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది, తుపాకీ ఎవరి దగ్గర ఉంది, గార్డు పిలిస్తే ఎవరు వస్తారు.

ఏ భయంలోంచి పుట్టింది?

అమెరికాలో ఇది రైల్వేలు, ఫ్యాక్టరీల భయం. 1850ల్లో షికాగోలో మొదలైన పింకర్టన్ ఏజెన్సీ మొదట రైల్వేలకు కాపలా కాసింది, తర్వాత యాజమాన్యాల తరఫున సమ్మెల మీదకు వెళ్లింది. 1892లో పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం దగ్గర సమ్మె చేస్తున్న కార్మికులకూ పింకర్టన్ మనుషులకూ మధ్య కాల్పులు జరిగి రెండు వైపులా ప్రాణాలు పోయాయి. ఆ మరుసటి ఏడాదే, ఇలాంటి ఏజెన్సీల మనుషులను ఫెడరల్ ప్రభుత్వం పనిలో పెట్టుకోకూడదని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అంతే తప్ప దేశమంతటికీ కలిపి గార్డుల లైసెన్స్ చట్టం అంటూ రాలేదు, ఇప్పటికీ లేదు. కాలిఫోర్నియాలో గార్డుకు 40 గంటల శిక్షణ, సొంత కార్డు తప్పనిసరి. కొలరాడోలో రాష్ట్ర స్థాయి లైసెన్సే లేదు, డెన్వర్ నగరం మాత్రం సొంతంగా ఇస్తుంది. ‘అమెరికాలో మా ఏజెన్సీకి లైసెన్స్ ఉంది’ అని ఎవరైనా అంటే, ఏ రాష్ట్రంలో అన్నది వెంటనే అడగాల్సిన ప్రశ్న.

బ్రెజిల్‌లో అది బ్యాంకుల భయం. సైనిక పాలన రోజుల్లో ఆ పాలన మీద పోరాడే గెరిల్లాలు బ్యాంకులను దోచి నిధులు పోగేసుకుంటుంటే, బ్యాంకులు కాపలా పెట్టుకోవాల్సిందేనని 1969లో ప్రభుత్వం ఆదేశించింది. 1983లో పూర్తి చట్టం వచ్చింది, 2024లో దాని స్థానంలో మరొకటి వచ్చింది. పర్యవేక్షణ ఫెడరల్ పోలీసులది. బ్యాంకు కోసం పుట్టిన పరిశ్రమ కాబట్టి ఇప్పటికీ దాని గట్టిదనమంతా నగదు, ఆయుధం, గేటు దగ్గరే కనిపిస్తుంది.

దక్షిణాఫ్రికా కథ వీటన్నిటికంటే లోతైనది. 1980ల్లో వర్ణవివక్ష ప్రభుత్వం పోలీసులను రాజకీయ ఉద్యమాలను అణచడానికి మళ్లించింది. ఇళ్లకూ దుకాణాలకూ మామూలు కాపలా లేకుండా పోయింది, ఆ ఖాళీని ప్రైవేటు కంపెనీలు నింపాయి. 1994లో ప్రభుత్వం మారింది గానీ ఆ అలవాటు మారలేదు. పైగా నేరాల భయం పెరిగేకొద్దీ వ్యాపారమూ పెరిగింది. ఇప్పుడు అక్కడ రిజిస్టరై పనిచేస్తున్న ప్రైవేటు గార్డులు 5 లక్షలకు పైనే, అంటే పోలీసుల కంటే రెండింతలకు మించి. 2001 చట్టం కింద ఏర్పడ్డ పిసిరా అనే నియంత్రణ సంస్థ దగ్గర ప్రతి గార్డూ పేరు నమోదు చేయించుకోవాలి. ఎ నుంచి ఇ దాకా గ్రేడులుంటాయి. ఏజెన్సీ మనిషైనా, మీ సంస్థ నేరుగా జీతమిచ్చి పెట్టుకున్న మనిషైనా ఈ నమోదు తప్పదు. చాలా దేశాలు వదిలేసిన కంత ఇది, అక్కడ మూసేశారు.

జపాన్‌లో నేరాలు తక్కువ, అయినా గార్డులు 5 లక్షలకు పైనే ఉన్నారు. భయం నేరానిది కాదు, ప్రమాదానిది. ఈరోజు సెకామ్ అని పిలిచే కంపెనీ 1962లో మొదలైంది, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో క్రీడాకారుల గ్రామానికి కాపలా కాసి పేరు తెచ్చుకుంది. 1972లో చట్టం వచ్చింది. రోడ్డు పనుల దగ్గర వాహనాలను మళ్లించడం, జనాన్ని వరుసలో నడిపించడం అక్కడి గార్డుల పనిలో పెద్ద భాగం. 2001లో అకాషీలో బాణసంచా చూడ్డానికి వచ్చిన జనం పాదచారుల వంతెన మీద తొక్కిసలాటలో చిక్కుకుని 11 మంది చనిపోయారు. నగరపాలక అధికారులతో పాటు సెక్యూరిటీ కంపెనీ బాధ్యుడికీ శిక్ష పడింది. ఆ తర్వాత జనసమూహాల నియంత్రణకు ప్రత్యేక అర్హత పరీక్ష తెచ్చారు. జనం ఎక్కువగా వచ్చే కార్యక్రమం ఏ దేశంలో పెట్టుకున్నా, జపాన్ పద్ధతిలో ఈ ప్రత్యేక అర్హత ఉన్నవాళ్లు ఎంతమంది అని అడగడం మంచిది. కండలు తిరిగిన మనుషులు ఎంతమంది అన్నది కాదు ప్రశ్న.

రష్యాలో సోవియట్ కూలిన వెంటనే 1992లో ప్రైవేటు గార్డులను అనుమతించారు. మాజీ భద్రతా అధికారులే కంపెనీలు పెట్టారు. రక్షణ పేరుతో వసూళ్లు చేసే ముఠాలకూ చట్టబద్ధమైన కంపెనీలకూ మధ్య గీత ఆ రోజుల్లో సన్నగా ఉండేది. చైనాలో దారి దీనికి పూర్తిగా ఎదురు. 1984లో షెన్‌జెన్‌లో మొదటి కంపెనీ పెట్టింది పోలీసు శాఖే. 2010 జనవరిలో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చేదాకా ఈ వ్యాపారం వాళ్ల చేతుల్లోనే ఉంది.

లైసెన్స్ ఎవరి పేరు మీద?

కొనుగోలుదారుకు అన్నిటికంటే అక్కరకొచ్చే ప్రశ్న ఇదే. దేశాలు ఇక్కడ రెండుగా చీలతాయి: గార్డుకే లైసెన్స్ ఇచ్చేవి, ఏజెన్సీకి మాత్రమే ఇచ్చేవి.

బ్రిటన్ మొదటి రకం. 2001 చట్టంతో ఏర్పడ్డ సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ ప్రతి గార్డుకూ మూడేళ్ల లైసెన్స్ ఇస్తుంది. దాని మీద 16 అంకెల నంబరు ఉంటుంది, ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. గేటు దగ్గరకు వచ్చిన మనిషి నిజంగా అర్హుడా కాదా అన్నది మీరు రెండు నిమిషాల్లో తేల్చుకోగలరు. అయితే విచిత్రం చూడండి: అక్కడ కంపెనీకి లైసెన్స్ తప్పనిసరి కాదు. ‘అప్రూవ్డ్ కాంట్రాక్టర్’ గుర్తింపు ఐచ్ఛికమే. సంస్థ సొంతంగా నియమించుకున్న మామూలు గార్డుకూ లైసెన్స్ అక్కర్లేదు. మద్యం అమ్మే చోట్ల తలుపు దగ్గర నిలబడేవాళ్లకు మాత్రం ఎలా నియమించుకున్నా కావాల్సిందే.

భారత్ రెండో రకం. 2005 చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కంట్రోలింగ్ అథారిటీ ఏజెన్సీకి లైసెన్స్ ఇస్తుంది. దాని గడువు ఐదేళ్లు. గార్డుకు సొంత లైసెన్స్ లేదు, ఏజెన్సీ ఇచ్చే గుర్తింపు కార్డే అతనికి ఆధారం. నమూనా నియమాల ప్రకారం 100 గంటల తరగతి, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉండాలి. మాజీ సైనికులకూ మాజీ పోలీసులకూ ఇందులో సడలింపు ఉంది. 15 మంది గార్డులకు ఒక సూపర్‌వైజర్ ఉండాలి. పోలీసులో సైనికులో అనిపించే యూనిఫాం వేయకూడదు. చదివితే బాగానే ఉంటుంది. చిక్కల్లా, గార్డు ఒక ఏజెన్సీ మానేసి ఇంకో ఏజెన్సీలో చేరితే అతని శిక్షణ, పాత చరిత్ర అతని వెంట నమ్మకంగా రావు. కొత్త ఏజెన్సీ చెప్పిందే మీరు నమ్మాలి. కాబట్టి ఇలాంటి దేశంలో ఏజెన్సీ లైసెన్స్ కాపీ చూసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. మీ దగ్గరకు పంపబోయే ఒక్కొక్కరి పోలీసు వెరిఫికేషన్, శిక్షణ సర్టిఫికెట్, జీతం బ్యాంకులో పడిన రుజువు, పీఎఫ్ చలానాలు నెలనెలా అడగాలి. ఇవి అడగడం మొదలుపెట్టగానే కొన్ని ఏజెన్సీలు వాటంతటవే తప్పుకుంటాయి, మీకు వడపోత పని తగ్గుతుంది.

ఫ్రాన్స్ రెండిటినీ పట్టుకుంది. 2012 నుంచి పనిచేస్తున్న జాతీయ మండలి కంపెనీకి, యజమానికి, గార్డుకు విడివిడిగా అనుమతి ఇస్తుంది. గార్డు కార్డుకు ఐదేళ్ల గడువు. కాపలా కంపెనీ క్లీనింగ్ లాంటి సంబంధం లేని పనులు చేయకూడదు. చాలా దేశాల్లో ‘ఫెసిలిటీ’ ప్యాకేజీలో క్లీనింగ్, తోటపని, సెక్యూరిటీ అన్నీ కలిపి అమ్మేవాళ్లకు ఇది మింగుడుపడని నిబంధన. కానీ కాపలా పని మీద మనసు నిలవాలంటే ఇదే సరైనదని నేననుకుంటాను.

జర్మనీ చాలాకాలం సెక్యూరిటీని మామూలు వ్యాపారంగానే చూసింది. ఇది వ్యాపార నియమావళిలో ఒక సెక్షన్ కిందికి వచ్చేది, బాధ్యత ఆర్థిక వ్యవహారాల శాఖది. మామూలు గార్డుకు 40 గంటల తరగతి చాలు. 2014లో బుర్‌బాఖ్ శరణార్థి శిబిరంలో గార్డులే శరణార్థులను హింసించిన ఫొటోలు బయటపడ్డాయి. కంచే చేను మేసిన ఆ వ్యవహారం తర్వాత నిబంధనలు బిగిశాయి. శరణార్థి శిబిరాల్లో నాయకత్వ స్థానంలో ఉండేవాళ్లకు పరీక్ష తప్పనిసరి అయింది, 2019లో దేశవ్యాప్త గార్డుల రిజిస్టర్ వచ్చింది, 2020లో బాధ్యత హోం శాఖకు మారింది. విశేషమేమిటంటే అదే దేశంలో ఈ వృత్తికి 2002 నుంచి మూడేళ్ల అప్రెంటిస్ కోర్సూ ఉంది. జర్మనీలో ‘గార్డు’ అని కొటేషన్ అడిగితే 40 గంటల మనిషి రావచ్చు, మూడేళ్లు చదివిన మనిషీ రావచ్చు. ఎవరు కావాలో మీరే రాయాలి, రాయకపోతే చవకైనవాడే వస్తాడు.

నాకైతే, ఇతర విషయాలు సమానమైనప్పుడు, గార్డుకే లైసెన్స్ ఉన్న పద్ధతి మీదే గురి. కంపెనీలు పేర్లు మార్చుకుంటాయి, చేతులు మారతాయి. మనిషి పేరు మీద ఉన్న నంబరు మాత్రం అతని వెంటే ఉంటుంది.

శిక్షణ గంటలను మాత్రం గుడ్డిగా పోల్చకండి. కాగితం మీద బ్రెజిల్ 200, స్పెయిన్ 180, ఫ్రాన్స్ 175, భారత్ 160, జపాన్ 20. జపాన్ అట్టడుగున ఉందని చెప్పి అక్కడి గార్డు అందరికంటే తక్కువవాడు అనుకుంటే పొరపాటు. విమానాశ్రయం, అణుకేంద్రం, నగదు రవాణా లాంటి చోట్ల వేరే అర్హత పరీక్ష పాసైనవాళ్లు తప్పక ఉండాలి. 160 గంటల నియమం ఉన్నచోట క్లాసుకు వెళ్లకుండానే సర్టిఫికెట్ దొరికితే ఆ 160కి విలువేముంది?

తుపాకీ ఎవరి దగ్గర?

బ్రిటన్, జపాన్‌లలో ఈ ప్రశ్నే రాదు, గార్డుల దగ్గర తుపాకులుండవు. ఫ్రాన్స్ 2018 నుంచి మామూలు కాపలాకూ పరిమితంగా, ప్రత్యేక అనుమతితో ఒప్పుకుంది. ఫిలిప్పీన్స్‌లో దుకాణం ముందు కూడా షాట్‌గన్‌తో గార్డు కనిపిస్తాడు.

నైజీరియా పద్ధతి తెలియకపోతే మోసపోవడం ఖాయం. 1986 చట్టం కింద నడిచే ప్రైవేటు కంపెనీలకు అక్కడ తుపాకులు నిషిద్ధం. కానీ ముప్పు ఎక్కువ కాబట్టి ఆయుధం కావాలనుకునే సంస్థలు డబ్బు కట్టి పోలీసులను తెచ్చుకుంటాయి. అంటే మీ కాంట్రాక్టు ఏజెన్సీతో, తుపాకీ మాత్రం పోలీసుది. ఆ పోలీసుకు ఆదేశాలిచ్చేది ఎవరు, అతన్ని డిపార్ట్‌మెంట్ వెనక్కి పిలిస్తే ఏం చేయాలి? సంతకానికి ముందే తేల్చుకోవాలి. భారత్‌లోనూ ఇలాంటి దారి ఒకటుంది. 2009 చట్ట సవరణ తర్వాత కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) బలగాలను కొన్ని ప్రైవేటు సంస్థలు ఖర్చు భరించి పెట్టుకోగలుగుతున్నాయి, ఇన్ఫోసిస్ అలా పెట్టుకుంది. మామూలు ఆఫీసులకు అది అందే పని కాదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: నగదు, బంగారం, ప్రాణహాని ఉన్న వ్యక్తి – ఈ మూడిట్లో ఏదీ లేకపోతే సాయుధ గార్డు అడగకండి. ఆయుధంతో పాటు బీమా, నిల్వ గది, లెక్కల పుస్తకం, పొరపాటున పేలితే వచ్చే కేసులు అన్నీ మీ గేటులోంచే లోపలికి వస్తాయి. అమ్మేవాళ్లు మాత్రం సాయుధుణ్నే చూపిస్తారు, బిల్లు పెద్దది కదా.

సంఘర్షణ ప్రాంతాల్లో పనిచేసే సంస్థల లెక్క వేరు. 2007లో బాగ్దాద్ నిసూర్ కూడలిలో అమెరికా ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ బ్లాక్‌వాటర్ మనుషుల కాల్పుల్లో 17 మంది ఇరాకీ పౌరులు చనిపోయాక, 2008లో ఇలాంటి కంపెనీల విషయంలో ప్రభుత్వాల బాధ్యతలు చెప్పే మాంట్రూ పత్రం, 2010లో కంపెనీలకు అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళి, 2015లో ప్రైవేటు సెక్యూరిటీ పనుల నిర్వహణకు ఐఎస్ఓ 18788 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చాయి. అలాంటి చోట ఈ నియమావళి సంఘంలో సభ్యత్వం లేని కంపెనీని నేను జాబితాలో కూడా పెట్టను. మామూలు ఆఫీసు కాపలాకు మాత్రం ఈ కాగితాలు చూపించి ధర పెంచితే ఒప్పుకోనక్కర్లేదు.

మనిషా, మెషీనా?

రాత్రిపూట ఖాళీగా ఉండే గోదాముకు కెమెరాలు, అలారం పెట్టుకుంటే గార్డు ఖర్చు మిగులుతుందని అన్ని దేశాల్లోనూ అమ్ముతారు. అలారం మోగాక ఎవరు వస్తారన్న దాని మీదే ఈ లెక్క నిలబడుతుంది.

జపాన్‌లో అలారం కంపెనీ మనిషి సాధారణంగా 25 నిమిషాల్లో చేరుకోవాలని స్థానిక నిబంధనలున్నాయి. అతని దగ్గర ఆయుధం ఉండదు, వచ్చి చూసి పోలీసుకు చెప్తాడు. అక్కడ మెషీన్ మీద ఆధారపడటం తెలివైన పనే. దక్షిణాఫ్రికాలో సాయుధ రెస్పాన్స్ కంపెనీలే వస్తాయి కాబట్టి మీరు కొంటున్నది కెమెరాను కాదు, వాళ్ల కారు మీ వీధికి ఎంత దగ్గర్లో తిరుగుతుందన్నదాన్ని. ఆ కంపెనీకి మీ ప్రాంతంలో రాత్రి ఎన్ని వాహనాలున్నాయో అడగండి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో తప్పుడు అలారాలతో విసిగిపోయిన నగరం 2000లో ఒక ఆర్డినెన్స్ తెచ్చింది: ఎవరో ఒకరు వెళ్లి చూసి నిజమేనని చెప్తే తప్ప పోలీసులు రారు. అలాంటి నగరంలో అలారం ఒక్కటే కొని, చూసొచ్చే మనిషిని కొనకపోతే డబ్బు దండగ.

పోలీసులు ఆలస్యంగా వచ్చే చోట, ప్రైవేటు రెస్పాన్సూ లేని చోట మెషీన్ మీకు మిగిల్చేది దొంగతనం వీడియో మాత్రమే. అక్కడ మనిషే దిక్కు.

అంతర్జాతీయ కంపెనీనా, స్థానిక కంపెనీనా, సొంత మనుషులా?

అన్ని దేశాలకూ ఒకే అంతర్జాతీయ కంపెనీ అయితే ఒకే బిల్లు, ఒకే మేనేజర్, టెన్షన్ ఉండదు అనుకుంటారు. స్వీడన్‌లో 1934లో మొదలైన సెక్యూరిటాస్, 2021లో బ్రిటన్‌కు చెందిన జీ4ఎస్‌ను కొన్న అమెరికా కంపెనీ అలైడ్ యూనివర్సల్ లాంటివి ఎన్నో దేశాల్లో ఉన్నాయి. అయితే గేటు దగ్గర నిలబడేది ఆ దేశపు చట్టం కింద, ఆ దేశపు జీతానికి పనిచేసే మనిషే. లోగో మారదు గానీ లోపలి సరుకు మారుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు 10,400 మందిని ఇస్తానన్న జీ4ఎస్, ఆటలకు రెండు వారాల ముందు అంతమందిని సమకూర్చలేనని చేతులెత్తేసింది. ప్రభుత్వం అదనంగా 3,500 మంది సైనికులను దించాల్సి వచ్చింది. అంత పెద్ద పేరుకే అలా జరిగింది కాబట్టి, కార్యక్రమాల కాంట్రాక్టులో ‘మొత్తం ఎంతమంది’ అనే కాదు, ‘ఫలానా తేదీకి ఎంతమంది పేర్లు, లైసెన్స్ నంబర్లు ఇవ్వాలి’ అని దశలవారీగా రాయించుకోండి.

పెద్ద కంపెనీకి సంబంధించి నిజంగా అడగాల్సింది సబ్‌కాంట్రాక్టు గురించి. ఫ్రాన్స్ 2021 చట్టంతో కాంట్రాక్టు విలువలో సగానికి మించి వేరేవాళ్లకు ఇవ్వకూడదని, రెండు మెట్లకు మించి కిందికి దిగకూడదని కట్టడి చేసింది. మీ దేశంలో అలాంటి చట్టం లేకపోతే ఆ మాటే మీ కాంట్రాక్టులో పెట్టుకోండి.

సొంత ఉద్యోగులుగా గార్డులను పెట్టుకోవడం చిన్న, మారని స్థలాలకు బాగుంటుంది. మనుషులు నిలుస్తారు, ముఖాలు తెలుస్తాయి. కాకపోతే బ్రిటన్‌లో లాగా సొంత మనుషులకు లైసెన్స్ మినహాయింపు ఉన్నచోట తనిఖీ భారం మొత్తం మీదే, సెలవు పెట్టినప్పుడు రిలీవర్‌ను వెతుక్కునేదీ మీరే. మూడు షిఫ్టులు నడిచే ఒక్క గేటుకు వారాంతాలు, సెలవులు కలిపి లెక్కేస్తే ముగ్గురితో సరిపోదు, నలుగురైదుగురు కావాలి. ఈ లెక్క చూశాకే చాలామంది ఏజెన్సీ వైపు తిరుగుతారు. ముగ్గురికే కొటేషన్ ఇచ్చిన ఏజెన్సీ ఎవరితోనో డబుల్ డ్యూటీ చేయిస్తుందని అర్థం. పదహారు గంటలుగా నిలబడ్డ మనిషికి ఏ దేశపు లైసెన్స్ ఉన్నా కళ్లు మూతపడతాయి.

జనం గుమికూడే చోట్లకు బ్రిటన్‌లో ఇప్పుడు ఇంకో బాధ్యత వచ్చింది. 2017 మాంచెస్టర్ అరీనా దాడిలో 22 మంది చనిపోయారు. అక్కడి సెక్యూరిటీ ఏర్పాట్లలో దాడిని ఆపగల అవకాశాలు చేజారాయని విచారణ తేల్చింది. దాని ఫలితంగా 2025లో వచ్చిన చట్టం 200 మందికి పైగా వచ్చే స్థలాలకు ఒక స్థాయి, 800 మందికి పైగా వచ్చేవాటికి ఇంకో స్థాయి బాధ్యత పెట్టింది. అమలుకు కనీసం రెండేళ్ల వ్యవధి ఇచ్చారు. బాధ్యత స్థలం నడిపేవాళ్లది, ఏజెన్సీని పెట్టుకున్నంత మాత్రాన తప్పించుకోలేరు. అక్కడ హాలు నడిపేవాళ్లు ఏజెన్సీని మార్చేముందు ఈ చట్టం మీద వాళ్ల సూపర్‌వైజర్లకు ఎంత తెలుసో ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఇవన్నీ చూశాక కొటేషన్ల షీట్‌కు వెళ్లండి. గంట రేటు పక్కన ఆ దేశంలో గార్డుకు ఇవ్వాల్సిన కనీస వేతనం, యజమాని కట్టాల్సిన బీమా, పెన్షన్ వాటాలు కలిపి ఒక గడి పెట్టండి. ఏజెన్సీ రేటు ఆ మొత్తం కంటే తక్కువుంటే అది తగ్గింపు కాదు, ఎవరి జీతమో కోత పడుతోంది. ఆ కొటేషన్‌ను అక్కడే పక్కన పెట్టేయండి. మిగిలినవాళ్లలో ఒకరికి ముందు మూడు నెలలకే ఇవ్వండి. కారణం చెప్పకుండా గార్డును మార్చమనే హక్కు, రాత్రి ఎప్పుడైనా చెప్పకుండా తనిఖీకి వెళ్లే హక్కు, కాంట్రాక్టు ముగిసిన రోజున తాళాలు, రిజిస్టర్లు, కెమెరా పాస్‌వర్డులు వెంటనే అప్పగించాలన్న షరతు అందులో ఉండేలా చూసుకోండి.